వాన సెలవు రోజు ఇంట్లో చదువు: 6, 7, 8 తరగతుల పిల్లలున్నవాళ్లకు

చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బడి పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ పొద్దున్నే వినపడే ప్రశ్న ఒకటే: ‘ఈరోజు లీవా?’ కలెక్టరుగారి ప్రకటన ఒక్కోసారి ముందురోజు రాత్రే వస్తుంది. ఒక్కోసారి పిల్లలు యూనిఫాం తొడుక్కుని షూ లేసులు కట్టుకుంటుండగా వస్తుంది. వచ్చిందంటే పిల్లలకు పండగ, పెద్దవాళ్లకు టెన్షన్. కొడుకూ కోడలూ చెరో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మీటింగుల్లో పడతారు. పిల్లలు తాత మీద పడతారు. మా ఇంట్లో ఆ తాతను నేనే.

నేను టీచరును కాను. పెరంబూరు ఐసీఎఫ్‌లో, అంటే రైలు పెట్టెల ఫ్యాక్టరీలో, ఫర్నిషింగ్ వైపు పనిచేసి రిటైరయ్యాను. మనవడు ఎనిమిదో తరగతి, మనవరాలు ఆరో తరగతి. సొంతూరు నెల్లూరు వైపు, కాపురం అయనావరం. మా ఇంట్లో పనికొచ్చిన పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. ఎండాకాలం సెలవుల్లోనూ, పిల్లవాడు జ్వరం తగ్గి ఇంట్లో ఉన్న రోజుల్లోనూ ఇదే పద్ధతి నడుస్తుంది. కానీ వాన రోజుకు కుదిరినంత బాగా ఇంక దేనికీ కుదరదు. ఆరోజు పాఠం ఆకాశం నుంచే పడుతుంది కదా.

ముందుగా ఒక లెక్క చూడండి. ఇది చూస్తే సగం కంగారు తగ్గుతుంది. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 8 తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1,000 బోధన గంటలు ఉండాలంటుంది. భాగిస్తే రోజుకు నాలుగున్నర గంటలు. అది కూడా 30, 40 మంది పిల్లలున్న గదిలో, హాజరు వేసుకుని, అల్లరి ఆపి, బోర్డు తుడిచి, మళ్లీ మొదలుపెట్టి. ఇంట్లో ఇద్దరే పిల్లలు, పక్కనే పెద్దమనిషి. రెండు, రెండున్నర గంటల గట్టి చదువు చాలు. 2020లో కేంద్రం తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం ఈ తరగతులకు హోంవర్కు రోజుకు గంటకు మించకూడదు. అందుకని ‘ఎనిమిది పీరియడ్లూ ఇంట్లో నడపాలి’ అనే ఆలోచన మొదటే తీసి పక్కన పెట్టండి. గోడకు టైంటేబుల్ అంటించి, 9 నుంచి 9.45 గణితం, 9.45 నుంచి 10.30 సైన్సు అని నడిపే ఇళ్లు నాకు తెలుసు. పది గంటలకల్లా అమ్మ గొంతు వీధి చివరకు వినపడుతుంది.

నేను చెప్పేది ఒక్కటే. పిల్లలకు గంటలు ఇవ్వకండి, పని ఇవ్వండి. ‘గంటసేపు లెక్కలు చెయ్యి’ అంటే పిల్లవాడు లెక్కల మీద కాకుండా గడియారం మీద కూర్చుంటాడు. ‘ఈ అయిదు లెక్కలు చేసి, మూడోది నాకు వివరించు’ అంటే ఆ పని ఎక్కడ పూర్తవుతుందో వాడికి కనపడుతుంది. ఫ్యాక్టరీలో మాకు జాబ్ కార్డు అని ఒకటి ఉండేది. ఏ పని, ఎన్ని, ఏ కొలత, ఎవరు చెక్ చేయాలి, అన్నీ అందులోనే ఉండేవి. ఇంట్లో మేము దాన్ని చీటీ అంటాం.

ముందురోజు రాత్రి

వాతావరణ శాఖ ఆరెంజ్ అలర్ట్ అందంటే ఆ రాత్రే కాస్త సర్దుకోవాలి. ఫోన్లు, పవర్ బ్యాంకు, ఎమర్జెన్సీ లైటు చార్జింగ్ పెట్టండి. వీధిలో నీళ్లు నిలిస్తే ముందుజాగ్రత్తగా కరెంటు ఆపేస్తారు, ఎప్పుడిస్తారో చెప్పలేం. బడి వాట్సాప్ గ్రూపులో టీచర్లు పంపిన పాఠాల ఫొటోలు, పీడీఎఫ్‌లు నెట్ ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. పుస్తకం బడి డెస్కులో మరిచిపోయి వచ్చే పిల్లలు మీ ఇంట్లోనూ ఉంటే బెంగ లేదు, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలైనా తమిళనాడు ప్రభుత్వ పుస్తకాలైనా నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. పాఠం పక్కన క్యూఆర్ కోడ్ ఉంటే ఫోన్‌తో స్కాన్ చేస్తే దీక్షా యాప్‌లో ఆ పాఠం వీడియో తెరుచుకుంటుంది. ఇవన్నీ పదినిమిషాల పని.

పొద్దున, చీటీ

సెలవు అని తెలిశాక అరగంట అదనంగా పడుకోనివ్వండి, అంతకు మించి వద్దు. స్నానం, తల దువ్వుకోవడం, టిఫిను, అన్నీ బడి రోజులాగే జరగాలి. రాత్రి వేసుకున్న బట్టలతో, మంచం మీద దుప్పట్లో దూరి చదివే చదువు నిద్రకే దారి తీస్తుంది. ఇందులో మాత్రం మా కోడలు నాకంటే స్ట్రిక్టు.

టిఫిను కాగానే పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి చీటీ రాయించండి. రాయాల్సింది పిల్లలు, మీరు కాదు. ఆరో తరగతి పిల్లకూ తను ఏ పాఠంలో వెనకపడిందో తెలుసు. అడిగితే చెబుతుంది. చీటీలో మూడే పనులుండాలి: లెక్కలతో ఒకటి, భాషతో ఒకటి, చేత్తో చేసేది ఒకటి. నాలుగోది రాయబోతే ఆపండి. పొద్దున ఉత్సాహంలో ఏడు రాసి సాయంత్రానికి రెండు చేసి మొహం వేలాడేసుకోవడం కంటే మూడు రాసి మూడూ చేయడం మేలు.

రాసే తీరు మాత్రం జాగ్రత్తగా చూడాలి. ‘సైన్స్ చదవాలి’ అని రాస్తే కొట్టేయించండి. చదవడం ఎక్కడ ఆగుతుంది? ‘సూక్ష్మజీవుల పాఠంలో మొదటి నాలుగు పేజీలు చదివి, పుస్తకం మూసి, గుర్తున్నవి పది వాక్యాల్లో రాయాలి’ అంటే అది పని. ‘భిన్నాలు ప్రాక్టీస్’ కాదు, ‘భిన్నాల కూడికలు ఆరు చేయాలి, అందులో ఒకదానికి బొమ్మ గీసి చూపాలి.’ ప్రతి పని పక్కనా అది ఎవరికి చూపిస్తారో కూడా రాయించండి. తాతకు, అమ్మకు, అన్నకు, ఫోన్లో అమ్మమ్మకు. చూపించే మనిషి ఉన్నాడంటే చేతిరాత కూడా బాగుపడుతుంది.

ఏ పని ముందు, ఏది తర్వాత అనేది పిల్లలకే వదిలేయండి. మావాడు కష్టమైంది చివరికి నెడతాడు. చిన్నది ముందు దాన్నే పట్టుకుంటుంది. రెండు పద్ధతులతోనూ పని అవుతోంది. నేను మాట్లాడను.

పెద్దవాళ్లు ఎక్కడ కూర్చోవాలి

అదే గదిలో, మీ పని మీరు చేసుకుంటూ. నేను పేపరు చదువుతాను, లేదంటే చిక్కుళ్లు వలుస్తాను. పిల్లల భుజం మీదుగా నోట్సులోకి తొంగి చూడకండి. పెన్సిలు ఆగినప్పుడల్లా ‘ఏమైంది’ అని అడగకండి. పెన్సిలు ఆగిందంటే ఆలోచిస్తున్నారనే అనుకోండి. ఫోను చూస్తూ పక్కన కూర్చోవడం కంటే అసలు కూర్చోకపోవడం నయం, వాళ్ల చూపంతా దాని మీదే ఉంటుంది.

పిల్లలు వచ్చి ‘తెలీడం లేదు’ అంటే వెంటనే చెప్పేయొద్దు. ‘ఎక్కడిదాకా తెలిసింది?’ అని అడగండి. వాళ్లు వివరిస్తూ వివరిస్తూ చాలాసార్లు మధ్యలోనే ‘ఆఁ సరే సరే’ అని వెళ్లిపోతారు. అప్పటికీ రాకపోతే పుస్తకంలో చేసి చూపిన లెక్క ఒకటి చదివించండి. అదీ అర్థం కాకపోతే ప్రశ్నగుర్తు పెట్టి పక్కన పెట్టమనండి, బడి తెరిచాక టీచరును అడుగుతారు. ఎనిమిదో తరగతి బీజగణితం ఇప్పటి పద్ధతిలో మనకు రావాలని రూలేమీ లేదు.

అన్నయ్య చెల్లెలికి నేర్పడం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, పది నిమిషాలే. పదకొండో నిమిషంలో యుద్ధం. ఆలోపే ముగించేయండి.

వాన కొలవడం: లెక్కలూ సైన్సూ కలిసిన పని

వాన రోజు చేత్తో చేసే పనుల్లో నాకు బాగా నచ్చింది ఇదే. కావాల్సింది నిలువు గోడలున్న గాజు సీసా లేదా డబ్బా ఒకటి, స్కేలు ఒకటి. మూతి నుంచి అడుగు దాకా వెడల్పు ఒకేలా ఉండాలి. మనం కాఫీ తాగే స్టీలు గ్లాసులు పైన వెడల్పు, కింద సన్నం, అవి పనికిరావు. ఎందుకు పనికిరావో పిల్లల్నే చెప్పమనండి, అసలు పాఠం అక్కడుంది. పెద్ద మూతిలో పడిన నీళ్లు సన్నటి అడుగున చేరితే మట్టం నిజం కంటే ఎత్తుగా కనపడుతుంది. గోడలు నిలువుగా ఉంటే మాత్రం మూతి చిన్నదైనా పెద్దదైనా మట్టం ఒక్కటే. చిన్న డబ్బాలో తక్కువ నీళ్లు పడతాయి, అయినా ఎత్తు అంతే ఉంటుంది. ఇది నమ్మడానికి మా చిన్నదానికి సన్నటి డబ్బా, లావు డబ్బా రెండూ పక్కపక్కన పెట్టి చూపించాల్సి వచ్చింది. మీరూ రెండు పెట్టండి.

సీసా అడుగు గుంటగానో బొడిపెగానో ఉంటే ముందే కాసిని నీళ్లు పోసి అడుగు మట్టం చేసి, అక్కడ గీత పెట్టి, ఆ గీతనే సున్నా అనుకోవాలి. మిద్దె మీద, గోడలకూ ట్యాంకుకూ దూరంగా పెట్టండి. పక్కనున్న గోడ ఎంత ఎత్తో దానికి కనీసం రెండింతల దూరం ఉంటే మంచిది. గాలికి పడిపోకుండా చుట్టూ ఇటుకలు పేర్చండి. ఉరుములు మెరుపులు ఉంటే పిల్లలు మిద్దె ఎక్కకూడదు. వాన తెరిపిచ్చాక పెద్దవాళ్లే వెళ్లి తేవాలి. వీధిలో నిలిచిన నీళ్లలోకి ఏ కారణానికీ పంపొద్దు, తెగిన కరెంటు తీగ ఎక్కడుందో ఎవరికి తెలుసు.

ఇప్పుడు ఆరో తరగతి లెక్క. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు నీళ్లు. దీన్ని ముందే చెప్పేయకండి, తేల్చమనండి: మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరులో వెయ్యో వంతు ఎత్తు. తర్వాత టేపుతో మిద్దె కొలవాలి, అది వాన లేనప్పుడే కొలిచి పెట్టుకోండి. ఒక ఇంటి మిద్దె 24 అడుగులు, 30 అడుగులు అనుకోండి. మీటరుకు 3.28 అడుగులు. మీటర్లలోకి మార్చి గుణిస్తే దాదాపు 67 చదరపు మీటర్లు వస్తుంది. సీసాలో 40 మిల్లీమీటర్లు ఉంటే ఆ ఒక్క మిద్దె మీద పడింది 2,680 లీటర్లు. వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకులు రెండున్నర నిండి ఇంకా మిగులుతాయి. వేసవిలో లారీ నీళ్ల కోసం బిందెలు పెట్టుకుని నిలబడిన ఇంటి పిల్లలు ఆ అంకె చూసి నోరు తెరుస్తారు.

అప్పుడు అడగండి, ‘మరి ఆ నీళ్లన్నీ ఎటు పోతున్నాయి?’ తమిళనాడులో 2003లో ప్రతి భవనానికీ వాననీటి ఇంకుడు ఏర్పాటు తప్పనిసరి చేశారు. మిద్దె మీది పైపు ఎక్కడ దిగింది, ఇంకుడు గుంతలోకి వెళ్తోందా, వీధి కాలవలోకి వెళ్తోందా అని గొడుగు వేసుకుని కాంపౌండులోనే తిరిగి బొమ్మ గీయమనండి. గుంతలో ఆకులు, ప్లాస్టిక్ కవర్లు కూరుకుని ఉంటే ఓనరుకు లేదా అసోసియేషన్‌కు ఉత్తరం రాయించండి, భాష పని కూడా అయిపోతుంది.

ఇంకో మాట. వాతావరణ శాఖ ఒక రోజు వాన అంటే ఉదయం 8.30తో ముగిసే 24 గంటల వాన. మీరూ 8.30కే కొలిచి, నీళ్లు పారబోసి మళ్లీ పెట్టండి. తర్వాత పేపర్లో నుంగంబాక్కం, మీనంబాక్కం వాతావరణ కేంద్రాల అంకెలు చూసి మీ అంకెతో పోల్చమనండి. తేడా వస్తుంది. తేడా వస్తే మీ సీసా తప్పని కాదు, ఈ ఊళ్లో ఒక పేటలో కుండపోత, పక్క పేటలో తుంపర ఉండటం మామూలే. 64.5 మిల్లీమీటర్లు దాటితే ‘భారీ వర్షం’ అంటారు, 115.6 నుంచి ‘అతి భారీ’. ఆ గీతలు సీసా మీద స్కెచ్ పెన్నుతో పెట్టుకుంటే వార్తలు వినేటప్పుడు పిల్లలకు అవి ఉత్త మాటల్లా ఉండవు.

పెద్దవాడికి చెరువు లెక్క

ఎనిమిదో తరగతి పిల్లవాడికి మిద్దె సరిపోదు. వాడికి చెంబరంబాక్కం ఇవ్వండి. చెన్నై మెట్రో వాటర్ బోర్డు వెబ్‌సైట్లో పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం చెరువుల మట్టాలు రోజూ ఉంటాయి, వానాకాలంలో పేపర్లలో కూడా వేస్తారు. చెంబరంబాక్కం పూర్తి మట్టం 24 అడుగులు, పూర్తి నిల్వ 3,645 మిలియన్ ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగు దాదాపు 28.3 లీటర్లు. మొత్తం ఎన్ని లీటర్లో ప్రామాణిక రూపంలో రాయమనండి. 1.03 × 10¹¹ రావాలి, అంటే పదివేల మూడు వందల కోట్ల లీటర్లు. ఘాతాంకాల పాఠం ఎందుకు పెట్టారో ఆ సున్నాలు రాస్తూ చెయ్యి నొప్పి పుడితే తెలుస్తుంది.

తర్వాత క్యూసెక్కు. టీవీలో ‘వెయ్యి క్యూసెక్కులు వదిలారు’ అని చెబుతుంటారు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. రోజుకు 86,400 సెకన్లు. వెయ్యి క్యూసెక్కులు రోజంతా వస్తే 86.4 మిలియన్ ఘనపుటడుగులు. చెరువులో ఇంకా 864 మిలియన్ ఘనపుటడుగుల చోటు ఉంటే నిండడానికి పది రోజులు. అదే అయిదు వేల క్యూసెక్కులు వస్తే? రెండు రోజులు. మరి గేట్లు ఎప్పుడు తెరవాలి, నిండాకా, నిండకముందా? ఈ ప్రశ్న అడిగి వదిలేయండి. చెంబరంబాక్కం నీళ్లు వదిలితే అడయారు నదిలోకి వెళ్తాయి, అడయారు ఒడ్డున ఇళ్లున్నాయి. 2015 డిసెంబరు వరదలు చూసిన ఊరు ఇది. మావాడు మధ్యాహ్నం భోజనం మీద కూడా దీని గురించి వాళ్ల నాన్నతో వాదించాడు. వాళ్ల నాన్న మీటింగు మ్యూట్‌లో పెట్టి మరీ జవాబిచ్చాడు.

మన తెలుగువాళ్లకు ఇందులో ఇంకో సంగతి ఉంది. పూండిలోకి వానలే కాదు, కృష్ణా నీళ్లూ వస్తాయి. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు ఈ ఊరికి ఇస్తామన్నాయి. టీఎంసీ అంటే వెయ్యి మిలియన్ ఘనపుటడుగులు. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ముఖ్యమంత్రులుగా ఉన్నప్పుడు తెలుగుగంగ ఒప్పందం అయింది. 15 టీఎంసీల్లో దారిలో పోయేది పోగా 12 ఇక్కడికి చేరాలని లెక్క. 1996లో మొదటిసారి నీళ్లు వచ్చాయి. అట్లాసు తెరిచి శ్రీశైలం, సోమశిల, కండలేరు, పూండి నాలుగూ గుర్తించి గీత కలపమనండి. కండలేరు మా వైపే, రాపూరు దగ్గర. అక్కడి నుంచి ఆంధ్ర సరిహద్దు దాకా కాలవ 152 కిలోమీటర్లు. ‘మన కొళాయిలో తాత ఊరి నీళ్లు వస్తాయా’ అని చిన్నది అడిగింది. అలా అడిగాక సోషల్ పాఠం దానంతటదే నడిచింది. పెద్దవాడికి మాత్రం ఇంకో లెక్క మిగిలింది: 12 టీఎంసీలు అంటే ఎన్ని చెంబరంబాక్కాలు? మూడు నిండి, నాలుగోదాంట్లో మూడో వంతు దగ్గర దాకా.

వంటింట్లో ఒక సైన్సు

దీనికి పెద్ద హడావుడి అక్కర్లేదు. పొద్దున ఇడ్లీ పిండి రుబ్బితే, బియ్యం నాలుగు పాళ్లు, ఉద్దిపప్పు ఒక పాలు చిన్నదాన్నే ముందురోజు సాయంత్రం కొలవమనండి. రుబ్బిన పిండి రెండు ఒకేలాంటి గ్లాసుల్లో సగానికి పోసి, పిండి ఉన్న మట్టానికి రబ్బరు బ్యాండు వేసి, ఒకటి కిటికీ దగ్గర, ఒకటి మూత ఉన్న హాట్‌ప్యాక్‌లో గోరువెచ్చటి నీళ్ల గిన్నె పక్కన పెట్టండి. రెండు గంటలకోసారి ఎంత పొంగిందో స్కేలుతో కొలిచి రాయాలి. వాన చల్లదనానికి కిటికీ దగ్గరిది బద్ధకంగా ఉంటుంది. పిండిలోని బ్యాక్టీరియా వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్లే పొంగుతుందని ఎనిమిదో తరగతివాడు చెప్పాలి, ఆరో తరగతి పిల్ల గ్రాఫు గీయాలి. రాత్రికి ఇడ్లీ ఉంటుంది, కాబట్టి ప్రయోగం ఫెయిలైనా తినేయొచ్చు.

తమిళం, తెలుగు

ఇక్కడ చాలా తెలుగు ఇళ్లలో జరిగేదే మా ఇంట్లోనూ జరుగుతుంది. బడిలో తమిళం, ఇంగ్లిషు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదవడం మాత్రం రాదు. బడి తమిళం పనికి ముందు చోటివ్వండి, పరీక్ష అందులో ఉంది. తెలుగుకు రోజుకు ఇరవై నిమిషాలు చాలు. కానీ ఆరో తరగతి పిల్ల ముందు ‘అ అంటే అమ్మ’ పుస్తకం పెడితే చిన్నతనంగా ఫీలవుతుంది. నేను రైలు స్టేషన్లతో మొదలుపెట్టాను. సెంట్రల్ నుంచి గూడూరు వెళ్లే దారిలో ఆరంబాక్కం దాటాక బోర్డుల మీద తెలుగు కనపడుతుంది: తడ, అక్కంపేట, సూళ్లూరుపేట, పోలిరెడ్డిపాలెం, దొరవారి సత్రం, నాయుడుపేట, గూడూరు. తడ సులువు. అక్కంపేటలో క వత్తు, సూళ్లూరుపేటలో ళ కింద ల, రెడ్డిలో డ వత్తు, సత్రంలో త కింద ర. ఊరికి వెళ్లినప్పుడల్లా కిటికీలోంచి చూసిన పేర్లే కాబట్టి ఊహించి చదువుతారు, చదివి అక్షరాలు పట్టుకుంటారు. అవి వచ్చాక అయిదు వాక్యాలతో అమ్మమ్మకు ఉత్తరం. ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే అటునుంచి వాయిస్ మెసేజ్ వస్తుంది. తప్పులు దిద్దకండి. అమ్మమ్మ ఎలాగూ దిద్దదు.

స్క్రీను

బడి ఆన్‌లైన్ క్లాసు పెడితే వెళ్లాల్సిందే. పెట్టకపోతే మీరు వెతికి పెట్టక్కర్లేదు. 2020లో కేంద్ర విద్యాశాఖ ప్రజ్ఞాత పేరుతో ఇచ్చిన మార్గదర్శకాల్లో 1 నుంచి 8 తరగతులకు రోజుకు రెండు సెషన్లు, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు మించొద్దన్నారు. కరోనా రోజుల్లో బడులే మూతపడ్డప్పుడు చెప్పిన హద్దు అది. ఒక్క సెలవు రోజుకు అంతకంటే ఎక్కువ ఎందుకు? ఇంట్లో డీటీహెచ్ ఉంటే పీఎం ఈ-విద్య ఛానెళ్లలో తరగతికి ఒకటి ఉంది, తమిళంలో కల్వి టీవీ ఉంది. ఫోనులో వీడియో చూడటానికి ఇస్తే కాసేపటికి అది ఎక్కడికి వెళ్తుందో మీకూ తెలుసు, టీవీ అయితే హాల్లో అందరికీ కనపడుతుంది.

కరెంటు పోతే కొవ్వొత్తి వెలుతురులో చదివించకండి. అప్పుడు నోటి లెక్కలు, ఎక్కాలు, ఊళ్ల పేర్ల అంత్యాక్షరి. 17వ ఎక్కం ఎమర్జెన్సీ లైటు ఆర్పేసి చీకట్లో చెప్పే పందెం మా ఇంట్లో బాగా నడుస్తుంది. తాత కూడా చెప్పాలి.

మధ్యాహ్నం, సాయంత్రం

భోజనం అయ్యాక నాలుగు దాకా ఏమీ చెప్పకండి. క్యారమ్స్ ఆడతారో, కొట్టుకుంటారో, పడుకుంటారో వాళ్లిష్టం. నేనైతే పడుకుంటాను. చీటీలో ఒక పని మిగిలి ఉంటే నాలుగు తర్వాత చేస్తారు. మూడూ ముందే అయిపోయిన పిల్లకు ‘ఖాళీగా ఉన్నావు కదా’ అని నాలుగోది ఇవ్వకండి. ఇచ్చారంటే మరుసటి వాన సెలవుకు అది మెల్లగా చేయడం నేర్చుకుంటుంది. ఫ్యాక్టరీలో పెద్ద పెద్దవాళ్లే నేర్చుకున్నారు.

సాయంత్రం కాఫీ, బజ్జీల వేళ పదిహేను నిమిషాలు చూపించే టైం. ఇది తప్పకుండా ఉండాలి. ఇది లేకపోతే చీటీ ఉత్త కాగితం. పిల్లలు చెబుతారు, మీరు వింటారు. నేను మూడే అడుగుతాను: ‘ఇది ఎలా వచ్చింది?’, ‘ఎక్కడ ఆగిపోయావు?’, ‘అంకె మారితే ఏమవుతుంది?’ మిద్దె 67 బదులు 100 చదరపు మీటర్లయితే? 40 మిల్లీమీటర్ల బదులు 80 పడితే? జవాబు వెంటనే వస్తే అర్థమైనట్టు. రాకపోతే ఆ లెక్క పక్కన చుక్క పెట్టండి, అంతే. బజ్జీల ముందు మళ్లీ పాఠం మొదలుపెట్టకండి. ‘పక్కింటి అబ్బాయి ఆన్‌లైన్లో కోడింగ్ నేర్చుకుంటున్నాడు’ లాంటి మాటలు కూడా అక్కడ వద్దు. పక్కింటి అబ్బాయి ఏం చేస్తున్నాడో మనకు నిజంగా తెలీదు.

అమ్మానాన్నలు ఆఫీసు పని ముగించి వచ్చి ‘ఏం చదివారు’ అంటే పిల్లలు ‘చదివాం’ అంటారు. అందుకని చీటీలు అయ్యాక వాటిని ఫ్రిజ్ మీద అయస్కాంతంతో పెట్టిస్తాను. కోడలు నీళ్ల సీసా తీసుకునేటప్పుడు చూస్తుంది, చూసి వేరే ప్రశ్న అడుగుతుంది: ‘చెంబరంబాక్కం గేట్లు ఎప్పుడు తెరవాలన్నావు?’ అప్పుడు మాటలు వస్తాయి.

రాత్రి పడుకునే ముందు బ్యాగు సర్దించండి. చుక్క పెట్టిన లెక్క, ప్రశ్నగుర్తు పెట్టిన పేజీ టీచరుకు చూపించేలా పుస్తకంలో కాగితం ముక్క పెట్టాలి. వాన సెలవుకు బదులు తర్వాత ఏ శనివారమో బడి పెడతారు, గ్రూపులో ఆ తేదీ వస్తే క్యాలెండరులో రాసుకోండి. ముందురోజు తడిసిన బూట్లలో పాత పేపర్లు కుక్కి ఫ్యాను కింద పెట్టండి. పొద్దున ఆరింటికి ఫోను చూసి, సెలవు లేకపోతే వెంటనే లేపండి.